నెట్‌వర్కింగ్ షార్ట్ ఫామ్‌లు: బట్టీ పట్టినా బుర్రకెక్కడం లేదు, ఎలా నేర్చుకోవాలి?

కొత్త_కేబుల్
నమస్కారం అండీ. నెట్‌వర్క్ సపోర్ట్ ట్రైనింగ్‌లో కొత్తగా చేరాను. మొదటి రోజే షార్ట్ ఫామ్‌ల జాబితా ఒకటి చేతిలో పెట్టారు. ఏఆర్‌పీ దగ్గర మొదలై డబ్ల్యూపీఏ దగ్గర ముగుస్తుంది. అన్నింటికీ ఫుల్ ఫామ్‌లు నోటికి రావాలన్నారు. బట్టీ పట్టేశాను, అడిగితే అప్పజెబుతాను. కానీ నిన్న ఒకరు "సరే, డీహెచ్‌సీపీ పనిచేయకపోతే ఏమవుతుంది?" అని అడిగారు. నోట మాట రాలేదు. డీఎన్‌ఎస్, డీహెచ్‌సీపీ రెండూ కలగాపులగం అయిపోతున్నాయి. మీరంతా ఎలా నేర్చుకున్నారు? పరీక్ష దగ్గర పడుతోంది, కాస్త టెన్షన్‌గా ఉంది.

సరదా_ప్యాకెట్
ఒక్కసారి నెట్ పోయి, ఇంట్లోవాళ్లంతా వెనకాల నిలబడి "వచ్చిందా? వచ్చిందా?" అంటుంటే అన్నీ వాటంతటవే వచ్చేస్తాయి.

పాత_రౌటర్
అక్షర క్రమం వెతుక్కోవడానికి బాగుంటుంది, నేర్చుకోవడానికి బాగోదు. జాబితా మూసేసి ఒక్క పని ఊహించండి: ఫోన్ వైఫైకి కలిసింది, మీరు ఒక వెబ్ పేజీ తెరిచారు. ఆ కాస్త సమయంలో ఏది ముందు, ఏది తర్వాత అని చూసుకుంటూ వెళ్తే మీ జాబితాలో సగం దారిలోనే ఎదురవుతాయి.

మొదట కనిపించేది ఎస్‌ఎస్‌ఐడీ, అంటే సర్వీస్ సెట్ ఐడెంటిఫైయర్. మామూలు మాటల్లో వైఫై పేరు. దాన్ని నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్‌ను సరిచూసి, గాలిలో వెళ్లే డేటాకు తాళం వేసే పద్ధతి డబ్ల్యూపీఏ, వైఫై ప్రొటెక్టెడ్ యాక్సెస్. 2003లో మొదటిది, 2004లో రెండోది, 2018లో మూడోది వచ్చాయి. అంతకుముందున్న డబ్ల్యూఈపీ ఎప్పుడో బద్దలైపోయింది. ఏ రౌటర్‌లోనైనా ఇంకా అదే పెట్టి ఉంటే వెంటనే మార్చేయండి.

పాస్‌వర్డ్ కుదిరింది, ఫోన్ లోపలికొచ్చింది. కానీ దానికింకా ఐపీ అడ్రస్ లేదు. పుట్టుకతో వచ్చిన మ్యాక్ అడ్రస్ ఒక్కటే ఉంది. మీడియా యాక్సెస్ కంట్రోల్, 48 బిట్లు, రాస్తే పన్నెండు హెక్స్ అంకెలు. (ఈమధ్య ఫోన్లు అసలు మ్యాక్ దాచేసి వైఫైకొక దొంగ మ్యాక్ చూపిస్తున్నాయి.)

ఇప్పుడు వస్తుంది మీ డీహెచ్‌సీపీ, డైనమిక్ హోస్ట్ కాన్ఫిగరేషన్ ప్రోటోకాల్. ఫోన్ నెట్‌వర్క్ మొత్తానికీ వినపడేలా "డీహెచ్‌సీపీ సర్వర్లు ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతుంది. అది డిస్కవర్. ఇళ్లలో ఆ సర్వర్ సాధారణంగా రౌటరే. "ఈ ఐపీ ఖాళీగా ఉంది, కావాలా?" అని అది ఆఫర్ ఇస్తుంది. "అదే ఇవ్వండి" అని ఫోన్ రిక్వెస్ట్ పంపుతుంది. "సరే, ఇంతసేపటి వరకు నీదే" అని చివరి జవాబు, ఆక్. ఈ నాలుగింటి మొదటి అక్షరాలు కలిపి డోరా అంటారు, పరీక్షలో తప్పకుండా అడుగుతారు.

ఇక్కడే మీ గందరగోళం కూడా తీరుతుంది. డీహెచ్‌సీపీ ఫోన్ చేతికి ఐపీ ఒక్కటే ఇచ్చి ఊరుకోదు. సబ్‌నెట్ మాస్క్ (ఏ చిరునామాలు మన నెట్‌వర్క్ లోపలివో చెప్పేది), గేట్‌వే (బయటికి వెళ్లే ద్వారం, ఇళ్లలో రౌటరే) చిరునామా, డీఎన్‌ఎస్ సర్వర్ చిరునామా కూడా ఇస్తుంది. అంటే మీ చిరునామా మీకు ఇచ్చేది డీహెచ్‌సీపీ. మీరు వెళ్లాలనుకున్న సైటు చిరునామా కనుక్కోవడానికి అడగాల్సింది డీఎన్‌ఎస్‌ను. ఆ డీఎన్‌ఎస్ ఎక్కడుంటుందో చెప్పేదీ డీహెచ్‌సీపీయే.

తర్వాత మీరు సైటు పేరు కొడతారు. ఫోన్ డీఎన్‌ఎస్‌ను, అంటే డొమైన్ నేమ్ సిస్టమ్‌ను అడిగి ఆ పేరుకు ఐపీ తెచ్చుకుంటుంది. ఆ ఐపీతో టీసీపీ కనెక్షన్ కలుపుతుంది: సిన్, సిన్-ఆక్, ఆక్, మూడు సందేశాలు. దానిమీద టీఎల్‌ఎస్ వచ్చి అవతలున్నది అసలు సైటేనా అని సర్టిఫికెట్ చూసి, మాటలకు తాళం వేస్తుంది. ఆ తాళం లోపల హెచ్‌టీటీపీ "ఈ పేజీ పంపు" అని అడుగుతుంది. తాళం వేసిన హెచ్‌టీటీపీనే హెచ్‌టీటీపీఎస్ అంటున్నాం. పోర్ట్ (సర్వర్‌లో ఒక్కో సేవకు ఉండే తలుపు నంబర్) 443.

ఒక్కో పేరు పక్కన ఫుల్ ఫామ్ కాకుండా "ఇది లేకపోతే ఏది ఆగిపోతుంది" అని రాసుకోండి. నిన్న మిమ్మల్ని అడిగిన ప్రశ్న సరైన ప్రశ్నే.

లేయర్_రెండు
పాత_రౌటర్ గారూ, బాగా చెప్పారు గానీ డీహెచ్‌సీపీ నుంచి నేరుగా డీఎన్‌ఎస్‌కు దూకేశారు. మధ్యలో ఏఆర్‌పీ ఏది? ఆ జాబితాలో మొట్టమొదటి పేరే అది!

ఫోన్‌కు గేట్‌వే ఐపీ తెలిసింది, ఉదాహరణకు 192.168.1.1. కానీ ల్యాన్‌లో, అంటే ఇంటి లోపలి నెట్‌వర్క్‌లో, ఒక ఫ్రేమ్ (డేటా మూట) పంపాలంటే ఐపీ చాలదు, అవతలి మ్యాక్ కావాలి. అందుకని "192.168.1.1 ఎవరిది? మీ మ్యాక్ చెప్పండి" అని అందరికీ కేకేస్తుంది. రౌటర్ ఒక్కటే జవాబిస్తుంది, అదీ అడిగినవాళ్లకు మాత్రమే. అడ్రస్ రిజొల్యూషన్ ప్రోటోకాల్ అంటే ఇంతే. 1982 నాటి పద్ధతి. ఇది జరగకపోతే డీఎన్‌ఎస్ ప్రశ్న ఇల్లు దాటి బయటికే వెళ్లదు. రెండు పరికరాలకు పొరపాటున ఒకే ఐపీ పెట్టినప్పుడు నెట్ వస్తూ పోతూ ఉండేది కూడా ఈ ఏఆర్‌పీ వల్లే. ఇద్దరూ "నాదే నాదే" అంటారు, మిగతావాళ్లు చివరగా విన్నది నమ్ముతారు.

అసలు నా మాటేమిటంటే, ముందు ఓఎస్‌ఐ లేయర్లు, అంటే నెట్‌వర్క్ పనిని ఏడు అరలుగా విడదీసి చూపే నమూనా, నేర్చుకోవాలి. మ్యాక్, ఏఆర్‌పీ, వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడివిడి ల్యాన్‌లు) రెండో లేయర్ దగ్గర. ఐపీ, ఐసీఎంపీ మూడో దగ్గర. టీసీపీ, యూడీపీ నాలుగో దగ్గర. ప్రతి పేరుకూ ఒక అర దొరికితే కలగాపులగం ఉండదు.

రాత్రి_షిఫ్ట్
ఓఎస్‌ఐ పరీక్షకు కావాలి, కాదనను. 1984లో ఐఎస్‌ఓ దాన్ని ప్రమాణంగా ఇచ్చేసరికే ఆర్పానెట్ (ఇంటర్నెట్‌కు ముందున్న నెట్‌వర్క్) టీసీపీ/ఐపీకి మారిపోయింది, 1983 జనవరి 1న. అందుకే నిజం ఇంటర్నెట్‌ను ఆ ఏడు అరల్లో సర్దబోతే టీఎల్‌ఎస్ లాంటివి ఎందులోనూ సరిగ్గా కూర్చోవు. టీఎల్‌ఎస్ ఐదా, ఆరా అని వాదించుకునేవాళ్లను చూశాను, ఎవరూ గెలవరు. ఒకటి నుంచి నాలుగు వరకు, ఆ పైన ఏడు. ఇవి తెలిస్తే ఉద్యోగం నడుస్తుంది.

నేను నెట్‌వర్క్ ఆపరేషన్స్‌లో పనిచేస్తాను. మా దగ్గర కొత్తవాళ్లకు లక్షణం చూపించి పేరు చెప్పమంటాం. మచ్చుకు కొన్ని:

కంప్యూటర్ ఐపీ చూస్తే 169.254తో మొదలైంది. డీహెచ్‌సీపీ జవాబు రాలేదు. సర్వర్ దొరక్క కంప్యూటర్ తనకు తానే ఒక చిరునామా పెట్టుకుంది. విండోస్ దీన్ని ఏపీఐపీఏ అంటుంది. ఇక్కడ డీఎన్‌ఎస్ మారుస్తూ కూర్చుంటే ఎంతసేపు కూర్చున్నా ఉపయోగం లేదు.

ఐపీ బాగానే ఉంది, గేట్‌వేకు పింగ్ ("ఉన్నావా?" అని అడిగే చిన్న పరీక్ష) వెళ్తోంది, బయటున్న గూగుల్ డీఎన్‌ఎస్ సర్వర్ 8.8.8.8కీ వెళ్తోంది, కానీ ఏ సైటూ పేరుతో తెరుచుకోవడం లేదు. ఇది డీఎన్‌ఎస్.

గేట్‌వేకు వెళ్తోంది, ఆ అవతలకు వెళ్లడం లేదు. ఇది వ్యాన్ వైపు, అంటే రౌటర్ దాటాక ఐఎస్‌పీ (నెట్ కనెక్షన్ ఇచ్చే కంపెనీ) దాకా ఉన్న దారి.

పింగ్ రాకపోయినా సైటు తెరుచుకుంటోంది. ఇందులో రోగమేమీ లేదు. పింగ్ వాడేది ఐసీఎంపీ, ఇంటర్నెట్ కంట్రోల్ మెసేజ్ ప్రోటోకాల్. చాలా సర్వర్లు దానికి జవాబివ్వకుండా ఫైర్‌వాల్‌లో ఆపేస్తాయి. "పింగ్ రావట్లేదు కాబట్టి సర్వర్ పడిపోయింది" అని టికెట్ రాసి పైకి పంపకండి. తిట్లు పడతాయి.

కొత్త_కేబుల్
ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థ్యాంక్స్. నిన్నటి ప్రశ్నకు జవాబు దొరికింది, 169.254! నోట్‌బుక్‌లో వరుస మార్చి రాసుకుంటున్నాను. ఒక సందేహం. జాబితాలో టీటీఎల్ రెండుసార్లు ఉంది, రెండింటికీ ఫుల్ ఫామ్ టైమ్ టు లివ్ అనే. అచ్చుతప్పా?

రాత్రి_షిఫ్ట్
అచ్చుతప్పు కాదు. రెండు వేర్వేరు సంగతులు.

ఐపీ ప్యాకెట్‌లో ఉండే టీటీఎల్‌కు పేరులో టైమ్ ఉన్నా, ఆచరణలో అది గెంతుల లెక్క. ప్యాకెట్ దాటిన ప్రతి రౌటర్ అందులోంచి ఒకటి తీసేస్తుంది. సున్నా అయితే ప్యాకెట్‌ను పారేసి, "నీ ప్యాకెట్ ఇక్కడ అయిపోయింది" అని పంపినవాళ్లకు ఐసీఎంపీలో కబురు పెడుతుంది. ఇది లేకపోతే రెండు రౌటర్ల మధ్య తప్పుదారి పడ్డ ప్యాకెట్ ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. ఎనిమిది బిట్ల అంకె కాబట్టి గరిష్ఠం 255. లినక్స్ 64తో, విండోస్ 128తో మొదలుపెడతాయి. పింగ్ జవాబులో టీటీఎల్ 57 అని కనిపిస్తే, అవతలిది 64తో మొదలైతే గనక మధ్యలో ఏడు రౌటర్లు ఉన్నట్టు.

ట్రేస్‌రూట్ ఆడే ఆట కూడా ఇదే. ముందు టీటీఎల్ 1 పెట్టి పంపుతుంది, మొదటి రౌటర్ దగ్గర చచ్చి కబురొస్తుంది. తర్వాత 2, తర్వాత 3. అలా దారిలో ఎవరెవరున్నారో వాళ్ల చేతే చెప్పిస్తుంది. 1987లో వాన్ జాకబ్‌సన్ రాశారు. ప్యాకెట్‌ను చంపే ఏర్పాటును దారి చూపే పనిముట్టుగా మార్చేశారు, నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది.

డీఎన్‌ఎస్‌లో టీటీఎల్ మాత్రం నిజంగా కాలమే, సెకన్లలో. ఒక జవాబును ఎంతసేపు దాచుకుని వాడుకోవచ్చో చెబుతుంది. 3600 అంటే గంట. సైటును కొత్త సర్వర్‌కు మార్చాక కొందరికి పాతది, కొందరికి కొత్తది కనిపించేది ఇందుకే. మార్చే ముందు రోజే టీటీఎల్ తగ్గించి పెట్టుకోవాలి. మార్చేశాక తగ్గిస్తే ఏం లాభం? పాత జవాబు అప్పటికే ఎక్కడెక్కడో దాచుకుని ఉంటారు.

కెమెరా_కష్టాలు
చర్చ మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నా సమస్య కూడా షార్ట్ ఫామ్ సమస్యే అనుకుంటున్నాను. ఇంట్లో కెమెరాను బయటినుంచి చూడాలని రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టాను. వీడియోల్లో చెప్పినట్టే చేశాను. పనిచేయడం లేదు. ఐఎస్‌పీ కస్టమర్ కేర్ వాళ్లు "మీది సీజీన్యాట్ సార్" అని ఫోన్ పెట్టేశారు. ఏమిటది?

పాత_రౌటర్
రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ అని ఉంటుంది. అది ఏ అంకెతో మొదలైంది?

కెమెరా_కష్టాలు
100.81 అని ఉంది. "నా ఐపీ ఎంత" అని నెట్‌లో వెతికితే వేరే అంకె చూపిస్తోంది.

పాత_రౌటర్
అయితే వాళ్లు చెప్పింది నిజమే. కాస్త వెనక నుంచి చెప్పుకొస్తాను, న్యాట్ గురించి ఎలాగూ రాయాలి.

పాత రకం ఐపీ, అంటే ఐపీవీ4 చిరునామా 32 బిట్లు. మొత్తం 430 కోట్ల దాకా వస్తాయి. 1981లో ఇవి తరగని గనిలా కనిపించాయి. తొంభైలలోనే చాలవని తేలిపోయింది. అప్పుడు చేసిన ఉపాయాల్లో ఒకటి న్యాట్, నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్. ఇంట్లో అందరూ 192.168 లాంటి సొంత చిరునామాలు వాడుకుంటారు. ఆ చిరునామాలు ప్రపంచంలో ఎవరైనా ఇంటి లోపల వాడుకోవడానికి విడిచిపెట్టినవి, ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే పత్రంలో ఉన్నాయి. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి కూడా అంతే. ప్యాకెట్ బయటికి వెళ్లేటప్పుడు రౌటర్ దానిమీద లోపలి చిరునామా కొట్టేసి తన పబ్లిక్ ఐపీ రాస్తుంది, ఎవరు ఏ పోర్ట్ నుంచి పంపారో ఒక పట్టికలో రాసుకుంటుంది. జవాబొచ్చినప్పుడు ఆ పట్టిక చూసి లోపల ఎవరిదో వాళ్లకు ఇస్తుంది. మనం అడగకుండా బయటినుంచి వచ్చిన ప్యాకెట్‌కు పట్టికలో వరుస ఉండదు, కాబట్టి పారేస్తుంది. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఆ పట్టికలో మనమే ముందుగా ఒక వరుస రాసిపెట్టడం.

2011 ఫిబ్రవరిలో ఐఏఎన్‌ఏ (ప్రపంచమంతటికీ ఐపీ చిరునామాలు పంచే సంస్థ) దగ్గర పంచిపెట్టడానికి మిగిలిన ఐపీవీ4 నిల్వ అయిపోయింది. ఇంటికొక పబ్లిక్ ఐపీ ఇవ్వడం కూడా కష్టమైంది. దాంతో ఐఎస్‌పీలు తమ దగ్గర మరో పెద్ద న్యాట్ పెట్టి, అనేక ఇళ్లను ఒకే పబ్లిక్ ఐపీ వెనక కూర్చోబెట్టాయి. అదే క్యారియర్ గ్రేడ్ న్యాట్, సీజీన్యాట్. దానికోసం 2012లో 100.64 నుంచి 100.127 వరకు చిరునామాలు కేటాయించారు. మీ 100.81 అందులోదే. మీ రౌటర్ పట్టికలో మీరు వరుస రాశారు, సరే. పైన ఐఎస్‌పీ పట్టికలో ఎవరు రాస్తారు? అందుకే రావడం లేదు.

మార్గాలు: ఐఎస్‌పీని పబ్లిక్ ఐపీ అడగండి. లేదా ఐపీవీ6 వస్తోందేమో చూడండి, అక్కడ చిరునామాలు 128 బిట్లు, న్యాట్ అవసరమే ఉండదు. ఫైర్‌వాల్‌లో అనుమతి ఇస్తే చాలు. లేదా బయట ఒక సర్వర్‌కు ఇంటి నుంచే వీపీఎన్ (తాళం వేసిన దారి) కట్టి ఆ దారిన చూసుకోండి. లోపలి నుంచి మొదలైన కనెక్షన్‌ను సీజీన్యాట్ ఆపదు.

సరదా_ప్యాకెట్
ఐపీవీ4 నుంచి ఐపీవీ6కు ఎగిరారు కదా, ఐదు ఏమైందన్నా? ఎవరైనా మింగేశారా?

లేయర్_రెండు
ఐదో నంబర్‌ను స్ట్రీమ్ ప్రోటోకాల్ అనే ప్రయోగానికి అప్పటికే ఇచ్చేశారు. మాట, వీడియో పంపడానికి చేసిన ప్రయోగం, జనంలోకి రాలేదు. నంబర్ మాత్రం అయిపోయింది.

సరదా_ప్యాకెట్
ఓహో. అయితే నా అసలు సందేహం ఇది. రౌటర్‌లో పీపీపీఓఈ అని టిక్ పెట్టే గడి ఉంది. అది పెడితే కెమెరాకు తీగలోంచి కరెంట్ వస్తుందని మా స్నేహితుడు వాదిస్తున్నాడు.

లేయర్_రెండు
మీ స్నేహితుడు చెబుతున్నది పీఓఈ, పవర్ ఓవర్ ఈథర్‌నెట్. ల్యాన్ తీగలోనే కరెంట్ పంపడం. 2003లో వచ్చిన మొదటి ప్రమాణంలో ఒక పోర్ట్‌కు 15.4 వాట్ల వరకు ఇవ్వొచ్చు. దానికి సరిపడే స్విచ్ కావాలి, టిక్కులతో వచ్చేది కాదు.

పీపీపీఓఈ, పాయింట్ టు పాయింట్ ప్రోటోకాల్ ఓవర్ ఈథర్‌నెట్. ఐఎస్‌పీ ఇచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో రౌటర్ లాగిన్ అయ్యే పద్ధతి. చివరి రెండు అక్షరాల్లో తప్ప ఇద్దరికీ చుట్టరికం లేదు.

దీంతో ఇంకో పేరు వస్తుంది, ఎంటీయూ. మాగ్జిమమ్ ట్రాన్స్‌మిషన్ యూనిట్. ఈథర్‌నెట్ ఒక్కసారి మోయగల ఐపీ ప్యాకెట్ 1500 బైట్లు. పీపీపీఓఈ తన సొంత సామానుకు అందులో 8 బైట్లు తీసుకుంటుంది, మనకు 1492 మిగులుతాయి. ఇది తప్పుగా పెట్టి ఉంటే వచ్చే జబ్బు విచిత్రంగా ఉంటుంది: పింగ్ బాగుంటుంది, చిన్న పేజీలు వస్తాయి, కొన్ని సైట్లు మాత్రం సగంలో వేలాడతాయి. పెద్ద ప్యాకెట్లే ఇరుక్కుంటాయి కాబట్టి. దారిలో ఎవరో ఐసీఎంపీని మొత్తం ఆపేస్తే "ప్యాకెట్ చిన్నది చెయ్యి" అన్న కబురు కూడా వెనక్కి చేరదు. భద్రత పేరుతో ఐసీఎంపీని గుడ్డిగా మూసేసేవాళ్ల మీద నాకున్న కోపం ఇదే.

చదువరి_22
చదువుతుంటే బాగుంది. వంద ఎంబీపీఎస్ కనెక్షన్ అంటున్నారు, డౌన్‌లోడ్ చూస్తే సెకనుకు 12 ఎంబీ కూడా దాటదు. మోసమా?

రాత్రి_షిఫ్ట్
మోసం కాదు. కనెక్షన్ వేగం మెగాబిట్లలో చెబుతారు, ఇంగ్లిష్‌లో చిన్న బీ. ఫైల్ సైజు మెగాబైట్లలో, పెద్ద బీ. ఎనిమిది బిట్లు ఒక బైట్. 100ను ఎనిమిదితో భాగిస్తే 12.5. హెడర్లు (ప్యాకెట్ మీద రాసే చిరునామా వగైరా) పోను మీకు పన్నెండు దగ్గర వస్తోందంటే కనెక్షన్ నిక్షేపంలా ఉంది.

తెలుగు_వైఫై
నాదీ ఒక ప్రశ్న. ఎస్‌ఎస్‌ఐడీ తెలుగులో పెట్టుకుందామంటే రౌటర్ ఒప్పుకోవడం లేదు, మధ్యలోనే ఆపేస్తోంది. ఇంగ్లిష్‌లో చాలా పొడుగు పేరు పెట్టినా తీసుకుంటోంది. తెలుగుకు మద్దతు లేదా?

పాత_రౌటర్
మద్దతు సంగతి రౌటర్‌ను బట్టి ఉంటుంది. మీ రౌటర్ తీసుకుని మధ్యలో ఆపుతోందంటే, అడ్డుపడుతున్నది పొడవు. ఎస్‌ఎస్‌ఐడీకి గరిష్ఠం 32 బైట్లు. ఇంగ్లిష్ అక్షరం ఒక బైట్, కాబట్టి 32 అక్షరాలు పడతాయి. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) తెలుగు అక్షరానికి మూడు బైట్లు. గుణింతం గుర్తు విడిగా మూడు, పొల్లు విడిగా మూడు. "క" అంటే మూడు బైట్లు, "కా" అంటే ఆరు. "స్త్రీ" ఒక్కటే 18 తినేస్తుంది, సగం పైనే అయిపోయింది! మొత్తం మీద పది గుర్తులకు మించి పట్టవు. చిన్న పేరు, ఒత్తులు లేనిది చూసుకోండి.

సరదా_ప్యాకెట్
ఒత్తులు లేని పేరా... "పడవ" అని పెట్టుకోండి, తొమ్మిది బైట్లతో అయిపోతుంది.

కొత్త_కేబుల్
ఇంకొన్ని మిగిలాయండీ. ఎస్‌ఎస్‌ఎల్, టీఎల్‌ఎస్ ఒకటేనా? మెయిల్ వాటిలో ఎస్‌ఎమ్‌టీపీ, పాప్, ఐమ్యాప్. ఇంకా బీజీపీ. ఈ చివరిది మా పుస్తకంలో ఒక్క లైనులో సరిపెట్టేశారు.

రాత్రి_షిఫ్ట్
ఎస్‌ఎస్‌ఎల్ నెట్‌స్కేప్ వాళ్లు తొంభైలలో చేసింది. 1999లో దాని వారసుడికి టీఎల్‌ఎస్ అని పేరు పెట్టారు. పాత ఎస్‌ఎస్‌ఎల్‌లన్నీ ఇప్పుడు నిషేధంలో ఉన్నాయి. ఈరోజు ఎవరైనా "ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్" అన్నా జరిగేది టీఎల్‌ఎస్సే. పాత పేరు నోళ్లలో ఉండిపోయింది, అంతే.

మెయిల్: పంపేది ఎస్‌ఎమ్‌టీపీ, తెచ్చుకునేవి మిగతా రెండు. పాప్ మామూలుగా ఉత్తరాలను కిందికి దించుకుని సర్వర్‌లో చెరిపేస్తుంది. ఐమ్యాప్ సర్వర్‌లోనే ఉంచి చూపిస్తుంది, కాబట్టి ఫోన్‌లో చదివింది ల్యాప్‌టాప్‌లోనూ చదివినట్టే ఉంటుంది.

బీజీపీని ఒక్క లైనులో సరిపెట్టడం అన్యాయం. బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్. ఇంటర్నెట్ అంటే ఒకే నెట్‌వర్క్ కాదు కదా, ఐఎస్‌పీలు, పెద్ద కంపెనీలు, యూనివర్సిటీలు ఎవరికి వాళ్లు నడుపుకునే వేల నెట్‌వర్క్‌ల కూడిక. ఒక్కోదాన్ని ఏఎస్ అంటారు, అటానమస్ సిస్టమ్. దానికొక నంబర్ ఉంటుంది. "ఈ చిరునామాలు నా దగ్గరున్నాయి, వీటికి రావాలంటే నా మీదుగా రండి" అని ఒక ఏఎస్ పక్క ఏఎస్‌కు చెబుతుంది, అది ఇంకొకదానికి చెబుతుంది. ఆ చెప్పుకునే భాష బీజీపీ. మొదట్లో ఒకరి మాట ఒకరు నమ్మడం మీదే నడిచింది. ఎవరైనా పొరపాటున "వాళ్ల చిరునామాలు నా దగ్గరున్నాయి" అంటే ట్రాఫిక్ అటు మళ్లిపోయేది. ఇప్పుడు ఆర్‌పీకేఐ అని సంతకాలతో సరిచూసే ఏర్పాటు వచ్చింది, ఇంకా అందరూ పెట్టుకోలేదు.

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ఆరు గంటల దాకా మాయమైన సంగతి గుర్తుందా? నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆదేశం వల్ల వాళ్ల డేటా సెంటర్ల మధ్య కనెక్షన్లు తెగిపోయాయి. డేటా సెంటర్లు అందకపోయేసరికి వాళ్ల డీఎన్‌ఎస్ సర్వర్లు "మేము బాగాలేము" అనుకుని తమ దారులను బీజీపీలోంచి తామే వెనక్కి తీసుకున్నాయి. సర్వర్లు నడుస్తూనే ఉన్నాయి, వాటి దగ్గరికి దారి ఎవరికీ తెలియదు. బయటినుంచి చూసినవాళ్లకు అది డీఎన్‌ఎస్ సమస్యలా కనిపించింది, లోపల బీజీపీ. డీఎన్‌ఎస్, బీజీపీ రెండూ ఎలా చేయి చేయి పట్టుకుని ఉంటాయో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

చదువరి_22
వీపీఎన్ పెట్టుకుంటే ఎవరికీ ఏమీ కనపడదంటారు, నిజమేనా?

లేయర్_రెండు
వీపీఎన్ మీ ప్యాకెట్లకు తాళం వేసి ఇంకో చోటికి తీసుకెళ్లి విప్పుతుంది. మీరు ఏ సైట్లకు వెళ్తున్నారో మీ ఐఎస్‌పీకి కనపడదు, వీపీఎన్ కంపెనీకి కనపడుతుంది. నమ్మకం ఒకరి దగ్గర్నుంచి తీసి ఇంకొకరికి ఇచ్చారు. ఇక సైటులో లాగిన్ అయితే సైటుకు మీరెవరో ఎలాగూ తెలుసు. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి ఇంటి నుంచి చేరడానికి మాత్రం దానికి మించింది లేదు.

కొత్త_కేబుల్
ఇవాళ ల్యాబ్‌లో వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లను చూపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని పాత_రౌటర్ గారు చెప్పిన వరుస నిజంగా వస్తుందో లేదో చూశాను. ఏఆర్‌పీ, డీఎన్‌ఎస్, టీఎల్‌ఎస్ అన్నీ కళ్ల ముందే కనిపించాయి! కానీ రెండు చోట్ల లెక్క కుదరలేదు. ఒకటి, వైఫై ఆపి మళ్లీ పెడితే డీహెచ్‌సీపీలో డిస్కవర్, ఆఫర్ రాలేదు. నేరుగా రిక్వెస్ట్, ఆక్ మాత్రమే. రెండు, కొన్ని సైట్లకు టీసీపీ సిన్ ఎక్కడా లేదు. యూడీపీ 443 అని ఏదో పోతోంది. యూడీపీ నమ్మకం లేనిదని మా పుస్తకంలో ఉంది, మరి వెబ్ పేజీ దానిమీద ఎలా వస్తోంది?

పాత_రౌటర్
రెండూ మంచి ప్రశ్నలే. మొదటిది తేలిక. మీ ల్యాప్‌టాప్‌కు నిన్న ఇచ్చిన ఐపీ గుర్తుంది, గడువూ తీరలేదు. అందుకని "ఎవరైనా ఉన్నారా" అనకుండా "నాకు పాతదే ఇవ్వండి" అని నేరుగా రిక్వెస్ట్ పంపింది. నాలుగూ చూడాలంటే విండోస్‌లో ఐపీకాన్‌ఫిగ్ రిలీజ్ కొట్టి, తర్వాత రెన్యూ కొట్టండి.

రెండోది క్విక్. అసలు గూగుల్‌లో పుట్టింది, 2021లో ప్రమాణమైంది. దానిమీద నడిచే హెచ్‌టీటీపీ/3 2022లో ప్రమాణమైంది. యూడీపీని నమ్మకం లేనిదనడం కంటే పట్టించుకోనిదనడం సరైంది. ప్యాకెట్ చేరిందో లేదో అది చూడదు, హెడర్ ఎనిమిది బైట్లే. పోయినవి తిరిగి పంపడం, వరుస సరిచేయడం లాంటి టీసీపీ పనులన్నీ క్విక్ తనే చేసుకుంటుంది. టీఎల్‌ఎస్‌ను కూడా తనలోనే కలుపుకుంది, కాబట్టి కనెక్షన్‌కు ఒక రాకపోక, తాళానికి ఇంకొకటి అని విడివిడిగా ఆగాల్సిన పని లేదు. ఇంకో సుఖం కూడా ఉంది. టీసీపీ కనెక్షన్‌ను ఐపీ, పోర్ట్‌లతో గుర్తుపడతారు. ఫోన్ వైఫై నుంచి మొబైల్ డేటాకు మారితే ఐపీ మారి అది తెగిపోతుంది. క్విక్‌లో కనెక్షన్‌కు సొంత గుర్తింపు నంబర్ ఉంటుంది, ఐపీ మారినా కొనసాగగలదు.

అయితే కొన్ని ఆఫీసు ఫైర్‌వాల్‌లు యూడీపీ 443ను ఆపేస్తాయి. అప్పుడు బ్రౌజర్ చప్పుడు చేయకుండా టీసీపీకి దిగిపోతుంది. మీ ల్యాబ్‌లో ఆపకపోవడం వల్ల కనిపించింది.

కొత్త_కేబుల్
రిలీజ్, రెన్యూ కొట్టాను. నాలుగూ వచ్చాయి! వాటి పక్కనే 224.0.0.251కి ఎండీఎన్‌ఎస్ అని ఒకటి ఆగకుండా కనిపిస్తోంది. అది జాబితాలో లేదు.

లేయర్_రెండు
మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్. పోర్ట్ 5353. సర్వర్ అక్కర్లేకుండా ఒకే ల్యాన్‌లో ఉన్న ప్రింటర్లు, టీవీలు ఒకదాన్నొకటి పేరుతో వెతుక్కోవడానికి. లోకల్ అనే తోకతో ఉన్న పేర్లన్నీ దాని ఖాతాలోవే. జాబితాలో చేర్చేసుకోండి, డీఎన్‌ఎస్ పక్కన కాదు, ఏఆర్‌పీ పక్కన. అదీ అందర్నీ కేకేసి అడిగే బాపతే.